మూత మీద ముద్ద

ఆ కుర్చీలు ఆరేళ్ల పిల్లల కోసం చేసినవి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుంటే తప్ప పెద్దవాళ్లు వాటిలో ఇమడరు, అయినా బడి భోజనాల హాలు నిండా పెద్దవాళ్లే, చేతిసంచులు ఒళ్లో పెట్టుకుని, ఒకరి మోచేయి ఇంకొకరికి తగలకుండా సర్దుకుంటూ, తమ పిల్లలు రోజూ ఇక్కడే కూర్చుంటారు కదా అని మురిసిపోతూ, అంతలోనే నడుము పట్టేసిందని విసుక్కుంటూ. ఆమె గోడ పక్కన, తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ ఏరుకుంది, లేచి వెళ్లిపోవాలంటే ఎవరి కాళ్లూ తొక్కకుండా వెళ్లొచ్చని. వెళ్లిపోవడం మాత్రం ఎలా కుదురుతుంది, పక్కన కొడుకున్నాడు, తల నున్నగా దువ్వుకుని, బూట్లు తనే తుడుచుకుని, పిల్లల తరఫున రెండు ముక్కలు మాట్లాడమని టీచరు చెప్పిందని పొద్దుట్నించీ ఒక్క మాటా తినకుండా ఉన్నవాడు. కాదు, ఒక్క ముద్దా తినకుండా. మాటలూ ముద్దలూ కలిసిపోతున్నాయి ఆమెకు, ఈ హాల్లోకి వచ్చినప్పుడల్లా ఇంతే, ఫినాయిలు వాసనా ఉడికిన క్యాబేజీ వాసనా కలిసి గుప్పుమనగానే బుర్ర చెప్పిన మాట వినదు. కిటికీ పక్క బల్ల వైపు చూడకూడదని ముందే అనుకుని వచ్చింది. చూడలేదు. చూడకపోయినా దానికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారని తెలిసిపోయింది.

కొడుకు ఈ సంగతి చెప్పింది ఇవాళ పొద్దున, బనియను తలలోంచి దూరుస్తూ, మొహం కనపడకుండా, "మీటింగులో నేను కూడా మాట్లాడాలమ్మా" అని. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఏం మాట్లాడతావురా అని అడిగితే, డబ్బాలు కావాలా బడి భోజనమే కావాలా అని పిల్లలందరూ ఏమనుకుంటున్నారో చెప్పాలట. ఒళ్లు వెచ్చగా ఉన్నట్టుందిరా అని నుదుటి మీద చెయ్యి పెట్టింది, మెడ కింద పెట్టింది, నాలుక చాపమంది. గుండ్రాయిలా నిక్షేపంగా ఉన్నాడు వాడు. ఇదే వేరే రోజయితే, లెక్కల పరీక్ష ఉన్న రోజయితే, కడుపు నొప్పి, తల నొప్పి, చెవి నొప్పి అన్నీ వాడే పట్టుకొచ్చేవాడు, పడుకోమని ఆమే బతిమాలుతుంటే మాత్రం బూట్లు తుడుచుకుంటున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఆపాలనుకుంది గానీ ఏమని చెప్పి ఆపుతుంది? పదేళ్లవాడికి కారణం కావాలి. కారణం చెప్పకుండా ఉండటమే కదా నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న పని, దాని ముందు దుకాణంలో కళ్లజోళ్ల అద్దాలు అరగదీసే పని ఒక పనే కాదు.

హెడ్మిస్ట్రెస్ లేచి గొంతు సవరించుకుంది. సన్నటి మనిషి, ఈ నాలుగేళ్లలో ఇంకా సన్నబడింది, ఆ సంగతి హాలంతటిలో తనకూ ఇంకొకరిద్దరికీ తప్ప ఎవరికీ పట్టదు. వచ్చే టర్ము నుంచి మధ్యాహ్న భోజనం పద్ధతి మారుస్తున్నామంది. బడి వంటింట్లో భోజనం ఎప్పటిలాగే ఉంటుంది, దాంట్లోనే రోజుకు రెండు రకాలు చేసి పిల్లలనే ఎంచుకోమంటాం, అది కాకుండా ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవాలనుకునేవాళ్లు తెచ్చుకోవచ్చు, అంది. అంతే, మూత తీసిన కుండలా హాలు గుప్పున పొంగింది. "అమ్మయ్య" అన్నవాళ్లు సగం మంది, "అయ్యో" అన్నవాళ్లు సగం మంది. ముందు వరుసలో ఒకావిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "పొద్దున్నే లేచి డబ్బాలు కట్టే గోల వదిలిందనుకున్నానండీ, మళ్లీ మొదలా? పక్కింటి పిల్లకి ఏం కట్టారో నాకూ అదే కావాలని మా అమ్మాయి ప్రాణం తీస్తుంది" అంది. వెనక నుంచి ఒక తాతగారు లేచి, ఉడకబెట్టిన క్యాబేజీ తినీ తినీ మా మనవడు కుందేలైపోతున్నాడమ్మా, చెవులు కూడా పెరుగుతున్నట్టున్నాయి అంటే హాలంతా నవ్వింది. పళ్ల డాక్టరమ్మ ఒకావిడ, డబ్బాల్లో మిఠాయిలు పెట్టకూడదని గట్టిగా రాసి పెట్టాలంది. ఇంకో తండ్రి, మావాడికి బడి భోజనమంటే ప్రాణం, ఇంట్లో వండింది ముట్టడు, ఈ మాట నేనన్నానని మా ఆవిడతో చెప్పకండి అన్నాడు, వాళ్లావిడ పక్కనే ఉంది. వీళ్లందరికీ ఇది తిండి గురించిన మాట. ఉప్పు గురించి, కారం గురించి, నిద్ర చాలకపోవడం గురించి. వాళ్లు ఎంత అదృష్టవంతులో వాళ్లకు తెలియదు, తెలియనంత అదృష్టవంతులు, ఆమె కూడా ఒకప్పుడు ఇదే హాల్లో వాళ్లలాగే కూర్చుని రోజూ డబ్బాలో ఏం కట్టాలో తోచడం లేదని సణిగింది.

అప్పుడు తలుపు తోసుకుని, ఒకటో తరగతిలో కొడుకు నేస్తం మిడత వాళ్లమ్మ వచ్చింది. ఆలస్యమైందని ఎవరికో సైగతో చెప్పుకుంటూ, వంగి నడుస్తూ, సరిగ్గా వీళ్ల ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. వస్తుందని తెలుసు. ఆవిడ చిన్న కూతురు, మిడత చెల్లెలు, ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది, గేటు దగ్గర చూసింది ఆమె, చూసి మొహం తిప్పుకుని వెనక గేటు నుంచి తిరిగి వెళ్లింది, అప్పట్నించీ రోజూ వెనక గేటే. ఇప్పుడు తిప్పుకోవడానికి చోటు లేదు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఆవిడ మెడ, మెడ మీద వదులుగా వేసుకున్న ముడి, ముడిలోంచి జారిన వెంట్రుకలు కొన్ని తెల్లగా. నాలుగేళ్ల కిందట ఈ తెలుపు లేదు. కొడుకు ఆ మెడ వైపు చూశాడో లేదో ఆమె చూడలేకపోయింది. వాడి మోకాలు మాత్రం ఊగడం ఆగిపోయింది, అంతవరకు గడియారంలా ఊగుతూ ఉన్నది.

మిడత అని పేరు పెట్టింది క్లాసు పిల్లలే. ఆ పిల్లాడు నడవగా ఎవరూ చూడలేదు, రెండు కాళ్లూ కలిపి గెంతేవాడు, బల్ల దగ్గర నుంచి కుళాయి దగ్గరకు గెంతులే, ప్రార్థనలో నిలబెట్టినా మడమలు నేలకి ఆనించేవాడు కాదు. ముందు పళ్లు రెండూ ఒకేసారి ఊడి, ఆ సందులోంచి ఈల వేసేవాడు. కొడుక్కి వాడంటే పిచ్చి, ఇంటికొచ్చి కూడా గెంతేవాడు, కింది వాటా వాళ్లు కర్రతో కప్పు మీద పొడిస్తే తల్లీకొడుకులిద్దరూ నోరు మూసుకుని నవ్వుకునేవాళ్లు, ఆ నవ్వులన్నీ ఎటు పోయాయి. ఆ ఏడాది ఒకటో తరగతి టీచరు పిల్లలకు ఒక అలవాటు చేసింది, బడి మొత్తంలో ఆ క్లాసులోనే. డబ్బా మూత తీయగానే ఆ మూతను పక్కవాడి ముందు పెట్టాలి, పక్కవాడు తన డబ్బాలోంచి మొదటి ముద్ద దాని మీద పెడతాడు, వీడు వాడి మూత మీద పెడతాడు, అప్పుడుగానీ తినడం మొదలుపెట్టకూడదు. మూత ముద్ద అనేవాళ్లు పిల్లలు. కిటికీ పక్క బల్ల దగ్గర కొడుకూ మిడతా పక్కపక్కనే. ఎంత మంచి అలవాటని తల్లులందరూ మెచ్చుకున్నారు, ఆమె కూడా మెచ్చుకుంది, పక్కవాడి ముద్ద బాగుండాలని కూర ఇంకాస్త శ్రద్ధగా చేసేది. ఆ రోజు కొత్తగా పెట్టిన శ్రద్ధ ఇదే, దించే ముందు వేయించిన పల్లీలు మెత్తగా దంచిన పొడి రెండు చెంచాలు చల్లడం. కమ్మగా ఉంటుంది, నీరు లాగుతుంది, కూరలో కలిసిపోయి కంటికి కనపడదు. ఆ పిల్లాడికి పల్లీలు పడవు. వాడికి తెలుసు పాపం, అమ్మ చెప్పి పెట్టింది, పల్లీ కనపడితే ముట్టుకునేవాడు కాదు. కనపడితే.

ఆసుపత్రి వరండాలో ట్యూబులైటు ఒకటి ఆరి వెలుగుతూ ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా లైటు అలా టపటపమంటే ఆమె ఆ గదిలోంచి వెళ్లిపోతుంది, దుకాణంలో ఒకసారి అలాగైతే స్టూలు ఎక్కి తనే పీకేసింది. టీచరు ఏడుస్తూ వచ్చి చెప్పింది, ఏం తిన్నాడని పిల్లల్ని అడిగితే మీవాడే చెప్పాడండీ, నా కూర తిన్నాడని. ఆరేళ్లవాడు, అడిగిందానికి జవాబు చెప్పాడు, అంతే, ఆ జవాబుకు అర్థమేమిటో వాడికేం తెలుసు. అప్పటికే తలుపవతల అంతా అయిపోయింది. మిడత వాళ్లమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఏడవడం లేదు, ఆవిడ నేరుగా చూసి, "మీ కూరలో పల్లీలు వేస్తారా?" అంది. "పొడి... చివర్లో కొంచెం..." అని మాత్రం అనగలిగింది ఆమె. కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది కూడా. ఆవిడ దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని, గట్టిగా, గోళ్లు దిగేలా పట్టుకుని, "మీవాడికి చెప్పకండి. వాడి చేతి మీదుగా అయిందని వాడికి ఎప్పటికీ తెలియకూడదు. పసివాడు. ఒట్టు వెయ్యండి" అంది. ఏ తల్లి అంటుంది ఆ మాట, కన్నబిడ్డ తలుపవతల చల్లబడుతుంటే పరాయి బిడ్డ గురించి ఏ తల్లికి తోస్తుంది? ఒట్టు వేసింది. తిట్టి ఉంటే ఈపాటికి ఆ తిట్టును ఎక్కడో ఒకచోట దించుకుని ఉండేది, ఆ మంచితనాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు, పొద్దున లేస్తే అదే, పడుకుంటే అదే.

మిడతకు జబ్బు చేసిందని పిల్లలకు చెప్పారు. శుభ్రత కోసమని ఒక కాగితం పంపి ఇళ్ల నుంచి డబ్బాలు తేవడం ఆపేశారు, బడి వంటిల్లు పెట్టారు, టీచరు ఊరు మారిపోయింది, మూత ముద్ద అలవాటు మూతలతో పాటే పోయింది. కొడుకు అడుగుతాడని ఎదురుచూసింది, రోజులూ నెలలూ చూసింది. మిడత ఏడమ్మా అంటే చెప్పడానికి పది అబద్ధాలు వరసగా పేర్చి పెట్టుకుంది, వాడు ఒక్కటీ వాడుకోనివ్వలేదు. గెంతడం మానేశాడు. అంతే. పిల్లలు మరిచిపోతారు, వాడు మరిచిపోయాడు, నువ్వూ మరిచిపో అంటాడు భర్త, లారీ మీద పోయి వారానికోసారి ఇంటికొచ్చే మనిషికి మరుపు తేలిక. వాడు మరిచిపోయాడనే ఆమె కూడా అనుకుంటుంది, అనుకోవడానికి చాలా కష్టపడుతుంది. ఇంట్లో పల్లీ గింజ అన్నది లేకుండా చేసింది. పక్క వాటాలో వేయిస్తున్న వాసన వస్తే కిటికీలు మూస్తుంది, మూసిన కిటికీలోంచి కూడా వస్తుంది, దిండులోంచి వస్తుంది, ఒక్కోసారి తన చేతుల్లోంచే వస్తుంది. మధ్యలో ఒకసారి మిడత వాళ్లమ్మ దుకాణానికి వచ్చింది, కళ్లజోడు కాలు విరిగిందని. అద్దాలు అరగదీసే వెనక గదిలోకి పోయి మిషను ఆపకుండా తిప్పుతూ కూర్చుంది ఆమె, ఆవిడ వెళ్లిపోయేదాకా, ఎవరి అద్దమో ఆ గొడవలో మరీ పల్చబడి పనికిరాకుండా పోయింది. ఆవిడ మీవాడు ఎలా ఉన్నాడని అడిగిందని కౌంటరు దగ్గర అమ్మాయి చెప్పింది. బాగున్నాడని చెప్పావా అంటే చెప్పానంది. బాగున్నాడు. బతికి ఉన్నాడు, బూట్లు తుడుచుకుంటున్నాడు, లెక్కల్లో కొంచెం వెనక. ఇవన్నీ ఆవిడకు చెప్పదగ్గ మాటలేనా?

"ఒక్క షరతు" అంటోంది హెడ్మిస్ట్రెస్, గొంతు పెంచి. "డబ్బాల్లో పల్లీలు గానీ, జీడిపప్పు, బాదం లాంటి గింజలు గానీ, వాటి పొడులు గానీ ఏ రూపంలోనూ ఉండకూడదు. ఇంకేదైనా పెట్టొచ్చు." ఆమె ఒళ్లో చేతిసంచి రెండు చేతులా పట్టుకుంది. వస్తోంది. దేనికి భయపడి పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా దిగలేదో అది మెట్లెక్కి వస్తోంది. గడ్డం తండ్రి ఒకాయన, ఈ ఏడే కొత్తగా పిల్లని చేర్చినవాడు, మంచివాడే, చూస్తేనే తెలుస్తోంది మంచివాడని, చెయ్యెత్తి లేచాడు. "మా ఇంట్లో పల్లీలు లేనిదే ముద్ద దిగదండీ. ఎందుకు వద్దంటున్నారో చెప్పండి, అర్థమైతే మానేస్తాం. పిల్లలకి బలమే కదా?" కొందరికి పడవండీ అంది హెడ్మిస్ట్రెస్. "పడని వాళ్లు తినరు. అందరికీ ఎందుకు ఆపడం? అసలు డబ్బాలు మొదట్లో ఎందుకు ఆపారో కూడా ఎవరూ చెప్పరు. శుభ్రత అంటారు. శుభ్రత కోసం డబ్బాలు మాన్పించిన బడి నేనెక్కడా చూడలేదు." నిజమే అన్నారు ఇద్దరు ముగ్గురు. కాగితంలో అదే రాశారు, మేమూ నమ్మలేదు అన్నారింకెవరో. వెనక ఎక్కడో ఒక గొంతు, పక్కవాళ్లకు మాత్రమే అనుకుని అన్నది హాలంతా వినపడేలా, "అప్పుడొక పిల్లాడు పోయాడట కదా, ఎవరి డబ్బాలోదో తిని."

ఎవరి డబ్బాలోదో. ఆమె చెయ్యి దానంతటదే కొడుకు మోకాలి మీదకు పోయింది. చెవులు మూయాలి వాడివి, ఏదో పని చెప్పి బయటకు పంపాలి, మంచినీళ్లు తెమ్మనాలి, కళ్లు తిరుగుతున్నాయని పడిపోవాలి ఇక్కడే, ఈ చిట్టి కుర్చీలోంచి ఎంత దూరమని పడిపోతుంది. హెడ్మిస్ట్రెస్ ముందున్న కాగితాలు అటూ ఇటూ సర్దింది, అబద్ధం ఆడటం చేతకాని మనిషి, నాలుగేళ్లు ఒక్క కాగితం ముక్కతో నెట్టుకొచ్చింది. గడ్డం తండ్రి మెత్తబడి, "అయ్యో, అలాంటిదేమైనా జరిగితే చెప్పాలి కదండీ, ఎవరి డబ్బా, ఎవరు పెట్టారు, తల్లిదండ్రులుగా మాకు తెలియాలి కదా" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆయన చోట తనున్నా అడిగేది. అడిగి, తెలుసుకుని, ఇంటికి పోయి పిల్లని కూర్చోబెట్టి చెప్పేది, పలానా పిల్లాడు పెట్టింది తిని పలానా పిల్లాడు పోయాడు, అందుకని నువ్వు ఎవరికీ ఏమీ పెట్టకు, ఎవరి దగ్గరా ఏమీ తినకు. రేపు పొద్దున ప్రతి ఇంట్లో ఆ పలానా పిల్లాడు వీడు. రేపు ఎందుకు, ఇప్పుడే, ఇంకో నిమిషంలో. వాడి మోకాలు ఆమె చేతి కింద చల్లగా, గట్టిగా ఉంది. వాడు ముందుకే చూస్తున్నాడు.

ముందు వరుసలో కుర్చీ కిర్రుమంది. మిడత వాళ్లమ్మ లేచి నిలబడింది. వెనక్కి తిరగలేదు, హెడ్మిస్ట్రెస్ వైపు కూడా చూడలేదు, ఎదురుగా గోడ మీద అరటిపండు బొమ్మ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ పిల్లాడు నా కొడుకండీ. వాడి డబ్బాలోదే వాడు తిన్నాడు. నేనే పెట్టి పంపాను. కూరలో పల్లీల పొడి కలిసింది, చూసుకోలేదు, పొరపాటు నాదే. ఎవరి తప్పూ లేదు. వద్దంటున్నారంటే అందుకే వద్దంటున్నారు, దయచేసి పెట్టకండి."

కుందేలు మనవడి తాతగారు తల వంచుకున్నారు. గడ్డం తండ్రి, "క్షమించండమ్మా, తెలియక అడిగాను" అని కూర్చోబోయి, కుర్చీ ఎంత కిందికి ఉందో మరిచిపోయి తూలాడు. అంత జాలిలోనే ఎక్కడో ఒక మూల నుంచి అప్పుడే గుసగుస మొదలైంది, పడదని తెలిసీ చూసుకోకుండా ఎలా పెట్టిందో, తల్లయి ఉండి, అని. ఆవిడకు వినపడే ఉంటుంది. మెడ కదల్లేదు. వెనకే కూర్చున్న ఆమెకు ఒళ్లంతా మండింది. లేవాలి. లేచి, కాదు, అబద్ధం, ఆ కూర నాది, ఆ పొడి నేను దంచింది, ఆవిడ ఏ పాపమూ ఎరగదు అని అరవాలి. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట అంటే పక్కన కూర్చున్నవాడి నెత్తిన పడుతుంది, ఆవిడ దాన్ని వాడి మీద పడకుండా తన నెత్తిన వేసుకుంది, ఇంతమంది ముందు, బిడ్డను చేజేతులా చంపుకున్న తల్లిగా నిలబడింది. రేపట్నించీ గేటు దగ్గర ఆవిడను అలాగే చూస్తారు. ఆవిడ చిన్నదాన్ని కూడా అలాగే చూస్తారు, డబ్బా తెస్తే మూత తీసి వాసన చూస్తారు. ఇదంతా తెలిసే అంది. ఆమె లేవలేదు. నాలుక పళ్ల మధ్య నొక్కిపెట్టుకుని, కళ్లలోంచి కారుతున్నది తుడుచుకోకుండా, కూర్చుంది. పిరికిదాన్ని, అనుకుంది, తల్లిని, అనుకుంది, రెండూ ఒకటే అయిపోయాయి ఈ నాలుగేళ్లలో, విడదీయడం తన వల్ల కావడం లేదు. ఒక్కటే ఊరట, సిగ్గులేని ఊరట, వాడికి తెలియలేదు. గండం గడిచింది. వాడికి ఇక ఎప్పటికీ తెలియదు.

హెడ్మిస్ట్రెస్ కళ్లు ఒత్తుకుని, మాట మార్చాలని, "మరి... పిల్లలేమంటారో విందాం. రా నాన్నా, ఇటు రా" అంది, వీళ్ల వైపు చెయ్యి చాపి. కొడుకు లేచాడు. ఆమె చెయ్యి వాడి మోకాలి మీద నుంచి జారిపోయింది. వరసగా నేర్చుకున్న రెండు ముక్కలు చెప్పి వచ్చేస్తాడు, క్యాబేజీ తగ్గించమని, పండ్లు ఎక్కువ పెట్టమని, పొద్దుట్నించీ అవే గొణుక్కున్నాడు. వరస చివరిదాకా నడిచాడు, మలుపు తిరిగాడు, అందరూ చూస్తున్నారు, హెడ్మిస్ట్రెస్ నవ్వడానికి ప్రయత్నిస్తోంది. ముందుకు పోవాల్సినవాడు ముందు వరుసలోకి తిరిగి, కాళ్లు అడ్డం తీసుకుంటున్న పెద్దవాళ్లను దాటుకుంటూ, మిడత వాళ్లమ్మ కుర్చీ దగ్గర ఆగాడు. ఆవిడ అప్పుడే కూర్చుంది. ఆ చిట్టి కుర్చీలో కూర్చుంటే ఆవిడ మొహం సరిగ్గా వాడి మొహం ఎత్తుకు వచ్చింది.

"ఆంటీ," అన్నాడు. పెద్దగా అనలేదు. వెనక ఉన్న ఆమెకు వినపడింది. "మీరు పెట్టలేదు. వాడు ఆ రోజు డబ్బా తేలేదు."

ఎవరూ చెప్పలేదే. ఆసుపత్రిలో ఎవరూ అనలేదు, టీచరు అనలేదు, మూత మీద ఒక ముద్ద అనే అందరూ అనుకున్నారు, ఆమె కూడా నాలుగేళ్లుగా ఆ ఒక్క ముద్దనే తలుచుకుని ఏడ్చింది.

"మరిచిపోయి వచ్చాడు. ఏడుస్తాడని నాది సగం పెట్టాను. నేనే పెట్టాను ఆంటీ. టీచరుకి చెప్పాను. తర్వాత మీకు చెప్పాలనే చూస్తూ ఉన్నా, అమ్మ వెనక గేటు నుంచి తీసుకుపోతుంది, కుదరలేదు."

లేచి వాణ్ని లాక్కోవాలనుకుంది ఆమె. వాడికి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. తను కిటికీలు మూస్తూ, అబద్ధాలు పేర్చుకుంటూ కాపలా కాసిన ఇంట్లో వాడు ఒంటరిగా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు, అమ్మకు తెలియకూడదని. మిడత వాళ్లమ్మ భుజాలు కదిలాయి. రెండు చేతులూ చాపి వాడి చేతులు పట్టుకుంది, ఆ రోజు వరండాలో పట్టుకున్నట్టే గట్టిగా. ఇక ఇప్పుడు, అనుకుంది ఆమె, ఇన్నాళ్లు ఆగినది ఇప్పుడు వాడి మీద పడుతుంది, పడనీ, న్యాయమే, కానీ దేవుడా, వాడి మీద కాదు.

"డబ్బా వంటింటి గట్టు మీదే ఉండిపోయింది నాన్నా," అంది ఆవిడ. గొంతు ఆవిడదిలా లేదు, సన్నగా, చిన్నపిల్లలా ఉంది. "నేను పనికి పోయి సాయంత్రం దాకా చూసుకోలేదు. ఒక్క ముద్దే తిన్నాడన్నారు అందరూ. ఆకలితో పోయాడేమోనని..." వాడి చేతులు వదల్లేదు. "నిన్నే అడగాలని ఉండేది. ఎవర్నని అడగను? వాడికి కడుపు నిండిందా నాన్నా?"

కొడుకు తల ఊపాడు.

"నిండింది ఆంటీ. చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు."